తమ్ముడి నడుము నొప్పి, నా కడుపుమంట

ఆ ఏడాది మా తమ్ముడికి రోజూ ఉడకబెట్టిన గుడ్డు దొరికేది. నాకు దాని వాసన దొరికేది. వాడికి ఆరేళ్లు, నాకు పది. ధూల్‌పేట్‌లో వినాయకుల్ని తయారుచేసే గల్లీలో, రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. బాపు ఒక సర్కారు దఫ్తర్‌లో చప్రాసీ. అమ్మ ఇంట్లోనే విస్తర్లు కుట్టేది. వానలు మొదలైన రోజుల్లో తమ్ముడు నడుము నొస్తుందన్నాడు. అప్పటినుంచి ఇల్లంతా వాడి నడుము చుట్టే తిరిగింది.

అంతకుముందు అమ్మకు ఒక పక్కన నేను, ఇంకో పక్కన వాడు పడుకునేవాళ్లం. ఇప్పుడు మంచం మీద అమ్మా వాడూ, కింద చాప మీద నేను. వాడు బడికి రిక్షాలో వెళ్లేవాడు. "ఇద్దరు కూసుంటే వానికి ఇరుకైతది" అని అమ్మ నన్ను నడిచి రమ్మనేది. గల్లీ చివర నల్లా నుంచి బిందెలతో నీళ్లు మోసేది కూడా నేనే. నాకూ నడుము పీకేది. ఒకసారి ఆ మాట చెప్పాను.

"నీళ్లు మోస్తే గట్లనే ఉంటది బిడ్డా. జెరసేపు పండు" అంది అమ్మ, తమ్ముడి వీపుకు నూనె రాస్తూనే. నా వైపు తిరగను కూడా లేదు.

గల్లీ మొదట్లో మందులిచ్చే కంపౌండర్ ఉండేవాడు. తమ్ముడి వీపు తట్టి చూసి, "పెరిగే పిల్లలకు ఉంటదమ్మా. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ మాట నాకు కొండంత బలం ఇచ్చింది. వాడిది నాటకమని నాకు ముందే తెలుసు. ఇక సాక్ష్యం కావాలి, అంతే.

అప్పటినుంచి వాడిని కాపు కాశాను. గోలీ కింద పడితే వాడు అందరిలా నడుము వంచేవాడు కాదు. ఒక చెయ్యి తొడ మీద ఆనించి, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు మడిచి మెల్లగా దిగేవాడు. తీసుకున్నాక మళ్లీ తొడ పట్టుకుని లేచేవాడు. మంచం దిగాలంటే ముందు పక్కకు తిరిగేవాడు. కొన్నాళ్లకు గోలీలే మానేశాడు. పతంగుల కాలం వచ్చి పిల్లలంతా మిద్దెలెక్కితే, వాడు కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను. గల్లీ పిల్లల ముందు వాడిలా దిగి రాయి తీసి చూపిస్తే అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. వాడు గోడ దగ్గర్నుంచి చూసేవాడు.

ఒకరోజు బాపు అన్నం తింటుంటే పక్కన చేరాను.

"బాపూ, వానికి ఏం నొప్పి లేదు. బడికి పోవుడు ఇష్టం లేక చేస్తుండు."

బాపు ముద్ద కలుపుతూ, "రేపటిసంది రిక్షా బంద్. అక్కతోని నడిచి పోనీ" అన్నాడు. అమ్మ ఏదో అనబోయింది. "కంపౌండర్ భాయ్ చెప్పిండు గదా" అని బాపు ఆ మాట అక్కడే ఆపేశాడు.

మర్నాడు ఇద్దరం నడిచాం. సగం దారిలో వాడు ఒక కిరాణా కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, "అక్కా, జెర ఆగు" అన్నాడు. నేను ఆగలేదు. మలుపు దగ్గర వెనక్కి చూశాను. అలాగే కూర్చుని ఉన్నాడు. బడికి వెళ్లిపోయాను. సాయంత్రం ఇంటికి వచ్చాక తెలిసింది, ఆ కొట్టాయన వాడిని ఎత్తుకుని తెచ్చి దిగబెట్టాడని. అమ్మ నన్ను కొట్టలేదు.

మరుసటి రోజు అమ్మ మా ఇద్దరినీ తీసుకుని పెద్ద దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మ నడివయసు మనిషి. అమ్మ చెప్పిందంతా విని, పెన్ను కింద పడేసి, "అది తీసియ్యి బేటా" అంది తమ్ముడితో. వాడు బెదిరిపోయి అమ్మ కొంగు పట్టుకున్నాడు.

"వాడెట్ల తీస్తడో నేను చూపిస్త" అన్నాను. డాక్టరమ్మ నవ్వుతుందని, వాడి గుట్టు బయటపడుతుందని నా ఆశ. తొడ పట్టుకుని, వీపు నిలబెట్టి, మూతి కూడా వాడిలా వంకర పెట్టి దిగాను.

ఆమె నవ్వలేదు. "మళ్లొకసారి చెయ్యి" అంది. చేశాను.

"ఎన్ని దినాలసంది?"

"వానలప్పటిసంది."

"ఆడుకుంటడా?"

"బంద్ చేసిండు. పతంగులు గూడ ఎగరెయ్యలే. పొద్దుగూకితే ఒళ్లు కాల్తది."

అమ్మ నా వైపు చూసింది. వీటిలో సగం ఆమెకు తెలియవు. డాక్టరమ్మ తమ్ముడి చొక్కా పైకెత్తి వెన్నెముక మీదుగా మెల్లగా వేలు జరిపింది. ఒకచోట వేలు ఆగింది. వాడు కెవ్వుమన్నాడు.

"దొంగ నొప్పి అయితే ఆటల పడి మర్చిపోతరమ్మా. ఆట గూడ మానేసిండంటే నమ్మాలె" అంది. ఎక్స్‌రే తీయించాక, వెన్నెముకకు టీబీ పట్టిందని చెప్పింది. "ఇంకా ఆలస్యమైతే కాళ్లు పడిపోతుండె. నీ బిడ్డ మంచిగ కనిపెట్టింది."

ఆ మెప్పు తలెత్తి తీసుకోలేకపోయాను. అయినా నోరు ఊరుకోలేదు. "నాకు గూడ నడుము నొస్తది" అన్నాను. ఆమె నా వీపు కూడా ఓపిగ్గా నొక్కి చూసింది. వంగమంది, లేవమంది. "పండుకుంటే తగ్గుతదా?" అని అడిగింది. తగ్గుతుందన్నాను. "బరువు మోసిన నొప్పి. బిందె చిన్నది చేసుకో, పోతది" అంది. నా నొప్పి అంత చిన్నదని తేలినందుకు ఏడుపొచ్చింది.

తర్వాత వాడికి ఛాతీ నుంచి నడుము దాకా సిమెంటు పట్టీ వేశారు. రోజూ సూది, చేదు మాత్రలు. ఏడాదిన్నర పైనే పట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా వాడికి నారింజలు, బొమ్మల పుస్తకాలు తెచ్చేవాళ్లు. జబ్బు నిజమని తెలిశాక నా కుళ్లు తగ్గాలి కదా. తగ్గలేదు. ఇదివరకు వాడు దొంగ అని అనుకోవడానికైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. నారింజ తొనలు వలిచి వాడి నోట్లో పెడుతూ, నాకెందుకు రాలేదీ జబ్బు అనుకునేదాన్ని. వాడు బాగయ్యాడు. వీపు మీద చిన్న గూను మిగిలింది, చొక్కా వేసుకుంటే కనబడదు.

పట్టీ వేసిన ఆ నెలల్లోనే ఒక మధ్యాహ్నం, అడక్కుండానే అమ్మ నన్ను చాప మీద బోర్లా పడుకోమని నా నడుముకు నూనె రాసింది. నేను కదలకుండా పడుకున్నాను. ఒక పక్క రాయడం అయ్యేసరికి తమ్ముడు నీళ్లడిగాడు. అమ్మ లేచి వెళ్లి వాడికి తాగించి, మూతి తుడిచి, వాడితో కాసేపు మాట్లాడి వచ్చింది.

"ఏ పక్కకు రాసిన?" అని అడిగింది.

ఇంకా రాయలేదని చెప్పి, రాసిన పక్కే చూపించాను.