కారవాన్‌లో పొంగిన పాలు

శనివారం ఉదయం ఏడుంబావుకి, ఇంకా చీకటి ఉండగానే, లెపర్డ్స్‌టౌన్‌లో లూవాస్ ట్రామ్ ఎక్కాం. ఇంటి ముందు కారు నిక్షేపంగా ఉంది. "కారుండగా ఈ చలిలో సంచులు మోసుకుంటూ ట్రామూ, రైలూ ఏంటండీ?" అని అడిగితే, "ప్రశాంతంగా వెళ్దాం సుజా" అన్నాడు మా ఆయన శ్రీధర్. ఈ ప్రశాంతత ఆయనకి కొత్తగా పట్టుకున్న జబ్బు. ఓనరు ఇల్లు అమ్ముకుంటానని నోటీసిచ్చిన దగ్గర్నుంచీ నేను రోజూ అరుస్తున్నాను, ఆయన రోజూ ప్రశాంతంగా ఉంటున్నాడు.

ఫిబ్రవరి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. అయినా పందొమ్మిది ఇళ్ళు చూసొస్తే ఒక్కటీ దక్కలేదు. ఏ ఇంటికి వెళ్ళినా వీధి మలుపు దాకా క్యూ. అందుకని, రెండ్రోజులు ఇల్లన్న మాటే ఎత్తకుండా విక్లో సముద్రతీరంలో కారవాన్, అదే చక్రాల మీది గది, అద్దెకు తీసుకుని ఉందామన్నాడు. జనవరిలో! కుక్క కూడా బయటికి రాని వానలో!

లూవాస్ దిగి పది నిమిషాలు నడిచి రైలెక్కాం. గ్రాండ్ కెనాల్ డాక్ స్టేషన్ దాటగానే మా ఆయన గడియారం చూసుకుని ఓ కాగితమ్మీద ఏదో రాసుకున్నాడు. ఆయన ఆఫీసు అక్కడే. సెలవు రోజు కూడా ఆఫీసు ధ్యాసేనని ఒళ్ళు మండింది. ఎదురు సీట్లో పెద్దాయన మా సంచులు చూసి ఎక్కడికని అడిగి, చెప్పగానే, "జనవరిలో కారవానా? మతి ఉండే వెళ్తున్నారా?" అని నవ్వాడు.

"మా ఆయన్నడగండి" అన్నాను.

గంట రైలు, పావుగంట బస్సు, ఆపైన గాలికి ఎదురు నడక. పదిన్నరకి చేరాం. కారవాన్ ఓనరమ్మ బ్రీడాకి డెబ్బై ఏళ్ళుంటాయి. రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ వచ్చి తాళం తీసింది. లోపల రెండు మంచాలు, మడత బల్ల, బొమ్మరిల్లంత వంటగట్టు. స్నానాలకి గడ్డిమైదానం అవతలకి పోవాలి. మా తొమ్మిదేళ్ళ మేధ పై మంచం ఎక్కి "దిస్ వన్స్ మైన్!" అని కేకేసింది.

మా ఆయన మాత్రం బ్రీడాని వదల్లేదు. గ్యాస్ బండ ఎన్నాళ్ళొస్తుంది? మంచు పడితే కొళాయి గడ్డకడుతుందా? ఉత్తరాలు ఈ అడ్రసుకి వస్తాయా?

"రెండ్రోజుల్లో మనకి ఉత్తరాలెవరు రాస్తారండీ?" అన్నాను. వినబడనట్టు కొళాయి తిప్పి చూశాడు.

మధ్యాహ్నం తెచ్చుకున్న పులిహోర తిన్నాం. వాన తగ్గగానే ఆయన ఒక్కడే బస్‌స్టాప్ దాకా నడిచొచ్చి "పద్దెనిమిది నిమిషాలు" అన్నాడు. ఎవడడిగాడు? కానీ నిజం చెప్పాలి, ఆ సాయంత్రం బాగుంది. సముద్రం చప్పుడు తప్ప ఇంకేం లేదు. ముగ్గురం ఒకే దుప్పట్లో కూర్చుని అష్టాచెమ్మా ఆడాం. చాన్నాళ్ళకి మేధ ముందు నేను గొంతు పెంచలేదు.

ఆదివారం ఎనిమిదిన్నరకి, అప్పుడప్పుడే తెల్లారుతుండగా మెలకువ వచ్చింది. మా ఆయన స్నానం చేసి, తలలో తడి ఆరకుండానే, తూర్పు కిటికీ పక్కన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. పొయ్యి మీద స్టీలు గిన్నె. గిన్నెకి పసుపు, కుంకుమ బొట్టు. లోపల పాలు అంచుదాకా వచ్చాయి. ఆయన చెయ్యి మాత్రం మంట తగ్గించడానికి కదల్లేదు. రెండు చేతులూ జోడించాడు.

రెండ్రోజుల అద్దె గదిలో పాలెవరు పొంగిస్తారు? కాపురం ఉండబోయే ఇంట్లోనే కదా పొంగించేది! కారెందుకు వద్దన్నాడో, ఆ కాగితం, ఆ పద్దెనిమిది నిమిషాలు, ఆ ఉత్తరాలు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గుప్పున గ్యాస్ వాసన. మంచం కిందున్న గ్యాస్ అలారం కుయ్యోమని మొదలెట్టింది. నేను గ్యాస్ కట్టేసి కిటికీలన్నీ తెరిచాను. బ్రీడా గౌనుమీదే పరిగెత్తుకొచ్చింది. సంగతి చెబితే, "కావాలనే పొంగించారా?" అని రెండుసార్లు అడిగింది. "యూ'ర్ గ్రాండ్, పర్లేదులే, ఇంకెప్పుడూ చెయ్యకండి" అని వెళ్ళింది.

"ఇక్కడ కాపురం పెడదామనా?" అన్నాను.

"నెలవారీ ఇస్తానంది సుజా. ఇల్లు దొరికేదాకానే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను! అయినా అడగాలి. పైగా పాలు పొంగించాల్సింది ఇల్లాలు. మీరు పొంగిస్తే చెల్లదు!"

ఆయన పొయ్యి తుడవడం మొదలెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. ఆ ప్రశాంతత అంతా ఏమిటో అప్పటిగ్గానీ నాకు తెలియలేదు. భయం. ఆయనకీ నాలాగే రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

రెండున్నర బస్సుకి బయల్దేరాం. రైల్లో ఆ కాగితం లాక్కుని చూశాను. కారవాన్ నుంచి ఆయన ఆఫీసుకి, నా ఆఫీసుకి, నిమిషాలతో సహా రాసుకున్నాడు. రెండు వైపులా తిప్పి వెతికాను.

"ఇందులో మేధ బడి ఏదండీ?"

ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచాడు. మొదటి బస్సు ఎక్కినా బడి గంటకి అందలేం. లెక్క కుదరకే రాయలేదు.

మేధ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. మేమిద్దరం అనుకున్నదంతా వింటూనే ఉందన్నమాట.

"ఐ'ల్ గెట్ అప్ ఎర్లియర్, డాడీ" అంది. "ఇట్స్ గ్రాండ్."

పొద్దున్నుంచీ మా ఆయన మీద రగిలిన కోపం అక్కడితో సరి. ఆ తర్వాత వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు. మేధని దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. లెపర్డ్స్‌టౌన్ వచ్చేదాకా వదల్లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. విక్లో తీరం శీతాకాలంలో నిజంగానే ప్రశాంతంగా ఉంటుంది. ఉన్ని సాక్సులు రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి. పాలు కాచేటప్పుడు పొయ్యి దగ్గరే ఉండండి. కాకపోతే ఒక్క మాట: తిరిగి రావడానికి ఇల్లుంటేనే వెళ్ళండి.