లింగమూర్తి అందించిన మాట

గోదావరిఖని కాలనీ నాటకంలో లింగమూర్తి ప్రాంప్టర్. పక్కతెర చాటున స్టూలు మీద కూర్చుని, నటులకు మాటలు అందిస్తాడు. పదకొండేళ్లుగా దసరా వెళ్లిన ఆదివారం మధ్యాహ్నం అదే నాటకం. తండ్రిని రాజే చంపాడని నమ్మిన కొడుకు రాజును చంపి పగ తీర్చుకుంటాడు. అసలు చంపింది మంత్రి అని జనానికి మొదటి అంకంలోనే తెలుసు. కొడుక్కి తెలియదు. వాడు కత్తి ఎత్తగానే ముందు వరుసలో పూలమ్మ "ఆయన కాదు బిడ్డా" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఆమెను చూసి నవ్వేవాళ్లు కూడా కాసేపటికి కళ్లు తుడుచుకుంటారు.

కొడుకు వేషం వీరేందర్‌ది, రాజు వేషం సదయ్యది. వీరేందర్ తండ్రి బుచ్చన్న బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ షిఫ్టులో మనుషులను పనికి పంపే సర్దారు సదయ్య. కప్పు చూడకుండా మనుషులను పంపాడని అందరూ ఆయన్నే అన్నారు. నాటకంలో తప్ప వీరేందర్ ఆయనతో మాట్లాడడు.

నిజానికి ఆ రోజు గడ్డపారతో కప్పును తట్టి చూడవలసింది అదే షిఫ్టులో పనిచేసే లింగమూర్తి. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా మోగుతుంది. ఆ పూట ఆయనకు బద్ధకమైంది.

"కొట్టి చూసినవా అన్నా?" అని సదయ్య అడిగాడు.

"చూసిన. మంచిగున్నది."

విచారణలో సదయ్య ఆయన పేరెత్తలేదు. ఎత్తితే లింగమూర్తి ఉద్యోగం పోయేది, ఇంట్లో నలుగురు పిల్లలు. ఆ మంచితనం లింగమూర్తిని కుదురుగా బతకనివ్వలేదు. నిద్రకూ మెలకువకూ మధ్య గట్టు చెరిగిపోయింది. అన్నం ముందు కూర్చుని కంచాన్ని వేలితో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. ఎండలో నడుస్తూ ఆకాశం కేసి చూసి, అదీ ఎక్కడో వదులైందని ఆగిపోతాడు.

ఈ ఏడు సదయ్య రిటైరవుతున్నాడు. నెలాఖరుకు బెల్లంపల్లి వెళ్లిపోతాడు. కిరీటం కట్టుకుంటూ, "వచ్చే ఏడు ఎవని చేతుల సావాల్నో" అని నవ్వాడు. లింగమూర్తికి నవ్వు రాలేదు.

ఆఖరి అంకం వచ్చింది. కిటికీలోంచి పడే ఎండలో బొగ్గుదుమ్ము మెల్లగా తేలుతోంది. అందులో రాజూ కొడుకూ కలలో మనుషుల్లా కదులుతున్నారు. వీరేందర్‌కు మాటలు ఎప్పుడూ కంఠతా రావు. డ్యూటీలతో తీరిక ఎక్కడిది? లింగమూర్తి అందించింది అందించినట్టు, అర్థం చూసుకోకుండా రాగం తీసేస్తాడు. కత్తి ఎత్తి మాట కోసం ఆగాడు.

లింగమూర్తి పుస్తకం మూసేశాడు.

"మా నాయినను సంపింది నువ్వు కాదు."

"మా నాయినను సంపింది నువ్వు కాదు!" వీరేందర్ గొంతు హాలంతా నిండింది.

"కప్పు సూడకుండనే సూసిన అన్నది లింగమూర్తి."

"కప్పు సూడకుండనే సూసిన అన్నది..." పేరు దగ్గర వీరేందర్ నోరు ఆగిపోయింది. పక్కతెర వైపు తిరిగాడు. "కాకా?"

లింగమూర్తి స్టూలు మీంచి లేచి వేదిక మీదికి వచ్చాడు. సదయ్య కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎందుకన్నా ఇప్పుడు? నేనెట్లాగూ పోతనే ఉన్న. ఇగ ఈ పోరడు ఎవరి మీద కోపం పెట్టుకొని బతకాలె?"

"నా మీద" అన్నాడు లింగమూర్తి. వెళ్లి వీరేందర్ ముందు నిలబడ్డాడు.