పానా మీద రెండో చెయ్యి

వంటింట్లో పట్టేసిన కుళాయి మీద ప్లంబరు కిరసనాయిలు పోశాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే చిత్తూరులో మా పక్కింటి మునిరత్నం మేస్త్రీ గుర్తొచ్చాడు. ఇంటి ముందరి రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాడు. తుప్పు పట్టిన బోల్టు కనబడితే చాలు, కిరసనాయిలు పోసి నానబెట్టి, కారు ఓనరును పిలిచేవాడు. "నువ్వూ పానా మీద ఒక చెయ్యి వెయ్యప్పా. ఎంత బిగిసిపోయుండాదో నీకే తెలుస్తాది. ఇద్దరం తిప్పినాక ఇరిగితే ఖర్సు నీది. నన్నొక్కణ్ణే తిప్పమంటే నాది." తెల్లచొక్కాల పెద్దమనుషులు మొహం చిట్లించుకుంటూనే చెయ్యి వేసేవాళ్ళు.

తిరుపతిలో బి.ఏ. చదువుతూ సెలవులకు వచ్చినప్పుడల్లా నేను ఆయనతో వాదన పెట్టుకునేదాన్ని. నమ్మి కారు అప్పగించినవాణ్ణి అంత అనుమానించాలా అని నా ప్రశ్న. "వాదించు పాపా, నీ నోరు మంచిదే. అయితే పనికి ముందే వాదించు. ఇరిగినాక అరిస్తే అతుక్కుంటాదా?" అని నవ్వేవాడు. నా నోటిని మెచ్చుకున్న మనిషి చిత్తూరు మొత్తానికి ఆయన ఒక్కడే.

మా నాయనకు బెల్లం మండీ, ఒక పాత అంబాసిడర్ ఉండేవి. రోజూ సాయంత్రం మా అరుగు మీద ఆయనా మేస్త్రీ కూర్చుని కాఫీ తాగందే పొద్దుగూకేది కాదు. ఒక ఎండాకాలం ఆ కారులో నీళ్ళు కారడం మొదలైంది. వాటర్ పంపు బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఒక సాయంత్రం మేస్త్రీ యథాప్రకారం నాయనను పిలిచాడు.

"మన మధ్య ఈ పంచాయితీ ఏందప్పా? నువ్వే తిప్పు," అన్నాడు నాయన, కాఫీ లోటా దించకుండానే.

మేస్త్రీ ఇంకాస్త కిరసనాయిలు పోశాడు. తర్వాత ఒక్కడే తిప్పాడు. బోల్టు తెగింది. దాంతోబాటు బోల్టు పట్టుండే పంపు చెవి కూడా ఊడొచ్చింది.

"కొత్త పంపు తిరుపతి నుంచి తెప్పించాల."

"తెప్పించు. నీ లెక్క ప్రకారం ఖర్సు నీదే గదా!"

నాయన వేళాకోళానికే అన్నాడని ఇప్పటికీ నా నమ్మకం. మేస్త్రీ నవ్వలేదు. సొంత డబ్బుతో పంపు తెచ్చి బిగించి, కారు మా గుమ్మం ముందు నిలిపి వెళ్ళిపోయాడు. కూలి కూడా అడగలేదు. మళ్ళీ మా అరుగు ఎక్కలేదు.

"తుప్పు మనది నాయనా! పోయి డబ్బిచ్చి రా," అని నేను అరిచాను.

"ఇయ్యనన్నానా? నోరు తెరిచి అడగమను."

ఆయన అడగలేదు, ఈయన పోలేదు. గోడకు అటొకరు, ఇటొకరు, అట్లాగే ముసలివాళ్ళయ్యారు. నాయన పోయిననాడు మేస్త్రీ వచ్చి పాడె మోశాడు. మాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నది నేను గట్టిగానే పట్టుకున్నాను. ఇల్లు కట్టించినా, పొలం కౌలుకిచ్చినా, ఆఖరికి తోడబుట్టినవాళ్ళతో కలిసి ఏ పని తలపెట్టినా, చెడితే ఎవరిదని ముందే తేల్చుకుంటాను. గయ్యాళి అంటే అననీ. ఇంతవరకూ నష్టపోలేదు. కానీ ఆ సాయంత్రం నాయన మాట విని మేస్త్రీ తన పద్ధతిని పక్కన పెట్టాడే, అట్లాంటి గడియ నా బతుకులో ఒక్కటీ లేదు. నష్టపోవడానికైనా తగిన స్నేహం నాకు దక్కలేదు.