ఆ తోప్లీ ఎవరిది?

2022 వానాకాలం. జనగామ కోర్టు వెనక సందులో నా ఆఫీసు. పాలకుర్తి నుంచి రజియా అనే ఆమె వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది. భర్త ఖాసీంకు యావజ్జీవ శిక్ష పడింది. హైకోర్టులో అపీలు వేయాలి.

"ఆయన చేతులు వెండి అతికినై అక్కా, గొంతులు పిసకలే," అన్నది. "జర మనిషిని ఇంటికి తెచ్చియ్యి."

కేసు ఇది. దేవరుప్పుల దగ్గరి ఒక తండాలో సోమ్లీబాయి అనే ముసలామె ఒంటరిగా ఉండేది. ఇద్దరు ఇంట్లో చొరబడి, గొంతు పిసికి, ఒంటి మీది వెండి ఒలుచుకుపోయారు. ఆమె కడియాలతో సహా దొరికారు. వాళ్ల నేరం మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. మూడో ముద్దాయి ఖాసీం. తండాలు తిరిగి తెగిన నగలు అతకడం అతని పని. ఏ ఇంట్లో వెండి ఉందో అతనే చెప్పి, తన వాటా తీసుకున్నాడని పోలీసులు అన్నారు. దీన్ని కాన్స్పిరసీ అంటాం, అంటే కుట్ర. హత్య జరిగిన చోట లేకపోయినా, ముందే కలిసి అనుకున్నాడని రుజువైతే చంపినవాడితో సమానంగా శిక్ష పడుతుంది. కుట్రను కళ్లారా చూసినవాళ్లు దొరకరు. అందుకని చుట్టూ ఉన్న సంగతులను ఒకదానికొకటి కలిపి చూపిస్తారు.

ఖాసీం మీద రెండు సంగతులు. మొదటిది, ఆ ఇద్దరితో హోటల్లో చాయ్ తాగాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. దానితో నేను పోట్లాడగలను. రెండోది గట్టిది. అతని దుకాణంలో ఒక జత తోప్లీ దొరికింది. తోప్లీ అంటే మా లంబాడా ఆడవాళ్లు చెంపల పక్కన జుట్టుకు వేలాడదీసుకునే వెండి నగ. "ఇది మా అమ్మదే, చనిపోయే ముందు రోజు కూడా పెట్టుకొని ఉంది" అని సోమ్లీబాయి కూతురు కమిలి కింది కోర్టులో చెప్పింది.

మా లంబాడా అన్నాను కదా, నేను పుట్టింది మహబూబాబాద్ దగ్గరి తండాలో. ఈ కేసు తీసుకున్నానని తెలిసి మా బాపు, అంటే నాన్న, అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"మన ముసల్దాన్ని సంపినోని దిక్కు నిలబడ్తవా? తండల మొకం ఎట్ల సూపియ్యాలె నేను?"

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో నాకే తెలియలేదు.

కమిలి సాక్ష్యం చదువుతూ ఆ తోప్లీ మాట దగ్గర ఆగిపోయాను. సోమ్లీబాయి భర్త చనిపోయి ఏళ్లు గడిచాయి. అది చెప్పిందీ కమిలే. మా వాళ్లలో తోప్లీ భర్త ఉన్న ఆడదాని గుర్తు. భర్త పోతే తీసేస్తారు. మా నాయనమ్మకు తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను, ఆ ఖాళీ చెంపలు మరచిపోలేదు. కింది కోర్టులో వాదించినవాళ్లెవరూ తండా మనుషులు కారు. ఎవరికీ అనుమానం రాలేదు.

అపీలులో మామూలుగా పాత సాక్ష్యం మీదే వాదన నడుస్తుంది. ఎప్పుడో అరుదుగా సాక్షిని మళ్లీ పిలవడానికి హైకోర్టు ఒప్పుకుంటుంది. దాన్ని అడిషనల్ ఎవిడెన్స్ అంటాం. మా అదృష్టం, ఒప్పుకుంది. కమిలిని జనగామ కోర్టుకు రమ్మన్నారు.

టేకుమట్ల దగ్గరి అత్తగారింటి నుంచి బస్సులు మారి వచ్చింది. బోనెక్కి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. దబాయిస్తే మొండికేస్తుందని తోచింది. అబద్ధమాడావంటే భయపడి పాత మాటే పట్టుకుంటుంది. తలుపు దగ్గర రజియా కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

"మీ నాయిన పోయిన్నాడు నువ్వు ఇంట్లనే ఉన్నవా?" అని అడిగాను.

"ఉన్న."

"మీ యాడి తోప్లీ ఆనాడు ఏం చేసిండ్రు?"

యాడి అంటే మా భాషలో అమ్మ. పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, లేచి అభ్యంతరం చెప్పాడు. జడ్జి గారు చెప్పనివ్వమన్నారు.

"తీసిండ్రు," అన్నది చివరకు. "తీయకుంటే ఎట్ల?"

అక్కడితో నేను కూర్చోవచ్చు. జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, అడగొద్దని మా సీనియర్ నేర్పిన మొదటి పాఠం. కానీ తీసిన ఆ తోప్లీ పెట్టెలో దాచి ఉంటే దొంగలు అక్కడి నుంచి తీశారని పీపీ అంటాడు. అడిగితే ఖాసీం జైలుకే అంకితం కావచ్చు. అడగకపోయినా అంతే కావచ్చు. అయినా అడిగాను.

"మరి ఆ తోప్లీ ఇప్పుడు ఏడున్నది?"

కమిలి తల దించుకొని చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టింది.

"కరగబెట్టి నా లగ్గంల పట్టగొలుసులు చేయించింది. గివే."

రజియా గోడకు ఆనుకొని అక్కడే కూలబడింది. జడ్జి గారు మెల్లగా అడిగారు: "మరి పోయినసారి అట్లా ఎందుకు చెప్పావమ్మా?"

"గిది మీ అమ్మదేనా అని పోలీసులు సూపెట్టిండ్రు. అన్ని తోప్లీలు ఒక్క తీర్గనే ఉంటై సారు. గట్ల చెప్తెనే ముగ్గురికీ శిక్ష పడ్తదన్నరు. పడాలె అనిపిచ్చింది నాకు."

హైకోర్టు ఆ ఇద్దరి శిక్ష ఖాయం చేసింది. ఖాసీంను విడిచిపెట్టింది. వెండి సంగతి తెలిసి ఉండటం, చాయ్ తాగడం కుట్ర కాదు, కలిసి అనుకున్నట్టు రుజువు కావాలి అన్నది. దుకాణంలో దొరికిన తోప్లీ ఎవరో అతకడానికి ఇచ్చినదని ఖాసీం మొదటి నుంచీ చెప్పాడు. కేసుకు భయపడి కాబోలు, మాది అని ఎవరూ రాలేదు.

తీర్పు వచ్చాక కమిలి మా ఆఫీసుకు వచ్చింది. చాయ్ ఇస్తే ముట్టలేదు.

"ఒక్కటి చెప్పు అక్కా. మా యాడి వెండి సంగతి గాయన వాళ్లకు చెప్పలేదంటవా?"

"తెల్వదు కమిలీ. చెప్పిండని సాబిత్ కాలేదు, రుజువు లేదు, గంతే."

ఆ జవాబు ఆమెకు చాలదని నాకు తెలుసు. తల్లి పోయిన బిడ్డకు అంతకంటే ఇవ్వలేకపోయినందుకు ఏడుపు వచ్చింది.

ఇప్పుడు ఏ సాక్షి వచ్చినా కేసు సంగతి తర్వాత మాట్లాడతాను. తెలియనిది తెలియదని చెప్పు, నిన్నెవరూ కొట్టరు అని ముందు చెబుతాను. అది నేను ఆ రోజు కమిలి దగ్గర నేర్చుకున్నాను. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆమె అన్నది ఇదే:

"నాకూ తెల్వదక్క. ఆనాడే కోర్టుల తెల్వదంటే అయిపోతుండె."