మోతి పళ్ల సందున దొరికిన ఉన్ని

ఈరోజు మహర్నవమి... ఆయుధపూజ. బ్రతుకునిచ్చిన పనిముట్టుకు తల వంచి, దానితో తెలిసీ తెలియక చేసిన అపచారాన్ని మన్నించమని వేడుకునే పర్వం. మా మనవరాలు తన సూక్ష్మదర్శినిని తెచ్చి పీట మీద పెట్టింది. దానికి కుంకుమ దిద్దబోయి ఆగిపోయాను. కారణం ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు...

మా చిన్నప్పుడు... బోధన్ పక్కన మా పల్లెలో, చెరకు కొట్టిన చేనులో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించేవారు. ఏటా కురుమ ఎల్లయ్య తాత, ఆయన భార్య మల్లవ్వ నల్లని గొర్రెలతో వచ్చి దిగేవారు. మందకు కాపలా మోతి అనే కుక్క. పక్క చేనులో ఇంకా కొట్టని చెరకు మనిషెత్తు దాటి నిలిచి ఉండేది.

ఆ ఏడాది, మంద దిగిన మూడు రోజుల్లో రెండు గొర్రెపిల్లలు గొంతు చీలి పడి ఉన్నాయి.

"నీ కుక్క నెత్తురు మరిగింది ఎల్లన్నా," అన్నాడు మా బాపు.

"నా మోతి గసోంటిది గాదు పటేలా! పిల్లలు మీదెక్కి దుంకినా కదలదు."

"శనివారం ఉపాసముండే కుక్కనా ఏంది నీది?"

నేనప్పుడు ఎనిమిదో తరగతి. సైన్సు సారు మాకు సూక్ష్మదర్శినిలో వెంట్రుకలు చూపించిన రోజులవి. నా తలవెంట్రుక మీద పొలుసులు పలుచగా, ఒత్తుగా అంటుకొని ఉన్నాయి... కుక్క వెంట్రుక నడుమ మజ్జ అనే వెడల్పైన నల్లని చార... గొర్రె ఉన్ని మీద పొలుసులు గూనపెంకుల వలె ఒకదానిపై ఒకటి, అంచులు లేచి... ప్రతి ప్రాణి ఒంటి మీదా సృష్టికర్త వేరొక లిపి వ్రాసినట్లు! ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం లేదని పొంగిపోయాను.

వెళ్లి మోతి నోరు తెరిచాను. కరవలేదు... తోక ఊపుతూ నా వేళ్లు నాకింది. పళ్ల సందున చిక్కిన నాలుగు పోగులను కాగితంలో మడిచి బడికి తీసుకుపోయాను.

సారు వాటిని సూక్ష్మదర్శిని అద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు. "ఉన్నే బిడ్డా. గని నోట్లెకు ఎట్లొచ్చిందో గిది చెప్పదు," అన్నారు.

మొదటి మాటే ఇంటికి తెచ్చాను. రెండోది దారిలో విడిచాను... బాపు మెప్పు కోసం.

"అద్దంల తేలింది. మోతే!" అన్నాను.

ఎల్లయ్య తాత, "సదువుకున్న పిల్ల సూసి చెప్పినంక నేనేమంట..." అని మోతిని పలుపుతో కాలువ గట్టు వెంట తీసుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పలుపు ఒక్కటే ఉంది.

మోతి పోయిన నాలుగో రోజు మరో గొర్రెపిల్ల చచ్చి పడి ఉంది. ఆ మధ్యాహ్నమే పక్క చేను కొడుతుండగా, అందరూ చూస్తుండగా, చెరకులో నుంచి తోడేలు దూసుకుపోయింది...

మంద దగ్గరకు పరుగెత్తాను. మల్లవ్వ గొంగడి దులుపుతోంది. దాని ఒక మూల పీలికలై వేలాడుతోంది.

"గిదేందవ్వా?"

"మోతిగాని పని. కూన నాటి సంది గీ కొస నోట్లె వెట్టుకుంటెనే దానికి నిద్ర."

ఆ గొంగడి ఆ గొర్రెల ఉన్నితో నేసినదే. చలికాలమంతా మా ఇంటిల్లిపాదీ కప్పుకున్నదీ అటువంటిదే. ఆ పోగులు గొంగడివీ కావచ్చని ఒక్కరికీ తట్టలేదు.

"మరి ఆనాడే చెప్పకపోతివేందవ్వా?"

"దాని నోట్లె ఏం దొరికిందో మాకెవ్వలు చెప్పిండ్రు బిడ్డా? అద్దంల తేలిందన్నరు... గంతే."

మరుసటి ఏడు నుంచి వాళ్ల మంద మా చేనికి రాలేదు. ఇప్పుడక్కడ చెరకూ లేదు, మందలూ లేవు... వరి, యూరియా బస్తాలు. వీధికుక్క ఏదైనా నన్ను నమ్మి దగ్గరకు వస్తే మాత్రం, నేటికీ దాని కళ్లలోకి చూడలేను...

మీ బాల్యంలోనూ సగమే చెప్పి ఊరుకున్న నిజం ఏదైనా ఉంటే, ఇక్కడ వ్రాయండి. మిగిలిన సగం కలిసి విందాం.

రాబోయే పిల్లలారా... మాకన్న మేలైన అద్దాలు మీకు దొరుకుగాక. తీర్పు నోట రాకముందే, ఆ జీవాన్ని పెంచినవారి ముందు కూర్చొని ఒక్క మాట అడిగే ఓపిక మీకు కలుగుగాక.