నాగమణి కుడికాలు

ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు, కోవిడ్ వార్డులు ఎత్తేశాక, నన్ను విజయవాడలోని ఒక ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ విభాగానికి తిరిగి పంపారు. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. నా కింద ఇద్దరు జూనియర్లు. ఉన్నవి ఒక పొడవాటి గది, రెండు మంచాలు, పట్టుకుని నడక నేర్చుకునే జంట కడ్డీలు.

ఆ వర్షాకాలంలో న్యూరాలజీ ఓపీ నుంచి నాగమణిని పంపారు. నలభై లోపు మనిషి. కైకలూరు అవతల కొల్లేటి ఊరు. చేపల గంపతో వీధులు తిరిగి అమ్మేది. హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగుతూ జారి కుడి తుంటి మీద పడింది. ఎముక విరగలేదు. కమిలిన చోటు పది రోజుల్లో మానింది. సరిగ్గా అప్పటినుంచే కుడికాలు ఈడ్చుకుపోవడం మొదలైంది. నిలబడితే మోకాలు వణికేది. ఎమ్మారై, నరాల పరీక్ష అన్నీ నార్మల్. కేసు షీటు మీద డాక్టరుగారు ‘ఫంక్షనల్’ అని రాశారు. మెదడుకు, నరాలకు గాయం లేదు గాని అవి పనిచేసే తీరు తప్పిందని ఆ మాటకు అర్థం. నటనకు అది మర్యాదైన పేరని మాలో చాలామంది అనుకునేవాళ్ళు. పైకి అనకపోయినా నేనూ అంతే.

అందుకే మొదటి వారం చివర, చెప్పుకోవడానికి సిగ్గుపడే పని ఒకటి చేశాను. ఆమెను కడ్డీల మధ్య నిలబెట్టి, ఫోనొచ్చిందని బయటికి వెళ్ళి, తలుపు అద్దంలోంచి చూశాను. గదిలో ఇంకెవరూ లేరు. కాలు అలాగే ఈడ్చుకుంటోంది. మధ్యలో మోకాళ్ళ మీద కూలబడింది. ఎవర్నీ పిలవలేదు. లేచి, రెండు చేతులతో తొడ పట్టుకుని కాలు ముందుకు పెట్టుకుంది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

నేను లోపలికి వెళ్ళాక అడిగింది: “ఎవరూ లేనప్పుడు బాగా నడుత్తానేమోనని చూత్తన్నారా మేడమ్ గారూ? మా అత్తా ఇట్టానే చూసిందండి, దొడ్లోంచి.” మళ్ళీ తనే, “నేనూ చూసుకున్నానండి. నిజంగానే వత్తందా, నేనే చేత్తన్నానా అని, నాకే అనుమానం వచ్చి” అంది.

నా తప్పు ఒప్పుకున్నాను. పక్కన కూర్చుని చాలాసేపు ఆమె చెప్పింది విన్నాను. మరుసటి వారం భర్త ఏడుకొండల్ని కూడా తీసుకురమ్మన్నాను.

అతను చేపల చెరువుల మీద కాపలా పనిచేస్తాడు. కోపిష్టి కాదు, అలిసిపోయిన మనిషి. “డాక్టర్లేమో ఏం లేదంటన్నారండి. ఈవిడేమో నడవలేనంటది. ఎవర్ని నమ్మాలండీ?” అన్నాడు.

నాగమణిని వెల్లకిలా పడుకోబెట్టి, ఆమె కుడి మడమ కింద అతని అరచెయ్యి పెట్టించాను. మడమతో కిందికి నొక్కమన్నాను. మొహమంతా చెమట పట్టిందే గాని బలం రాలేదు. తరవాత ఎడమకాలు పైకెత్తమని, దాన్ని నేను గట్టిగా అదిమి పట్టాను. ఒక కాలు ఎత్తాలంటే రెండోది తనంతట తనే కిందికి తన్నుకుంటుంది. అది శరీరం తీరు.

“నొక్కుతందండీ! చెయ్యి నలిగిపోతంది!” అన్నాడు ఏడుకొండలు.

“నేను నొక్కట్లేదు మావా” అంది నాగమణి భయంగా.

“నువ్వు నొక్కట్లేదమ్మా, నీ కాలే నొక్కుతోంది” అన్నాను. “నరాన్ని కాలవ అనుకో, దానికి గండి పడలేదు. లాకులు సమయానికి ఎత్తడం లేదంతే. నువ్వు కాలు మీదే ధ్యాస పెట్టినప్పుడు మరీ బిగుసుకుపోతున్నాయి. ఇది జబ్బే. నటన కాదు. మళ్ళీ నేర్పితే చాలావరకు వస్తుంది.”

ఏడుకొండలు చాలాసేపు చెయ్యి తీయలేదు. మెల్లగా ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “ఇన్నాళ్ళూ తెలీక మాటలన్నానే” అన్నాడు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది.

ఈ చికిత్సలో మొదటి మెట్టు, ధ్యాసను కాలి మీదనుంచి తప్పించడం. వరండాలో నడుస్తూ చేపలు అమ్మినట్టు కేకెయ్యమన్నాను. మొదట సిగ్గుపడింది. తరవాత “కొరమీన్లమ్మా... బొచ్చెలమ్మా...” అని గొంతెత్తింది. నాలుగడుగులు సాఫీగా పడ్డాయి. ఆర్థో వార్డులోంచి ఒక ముసలామె తొంగిచూసి, కొరమీను ఎంతని అడిగింది. నాగమణి నవ్వింది, నవ్వుతూ ఇంకో రెండడుగులు వేసింది.

నాలుగు నెలలు వచ్చింది. పూర్తిగా నయమైందని రాయను. ఒకసారి జ్వరం వచ్చి మొత్తం మొదటికొచ్చింది; మళ్ళీ నేర్చుకుంది. వీధులు తిరగడం మానేసి, ఊళ్ళోనే బల్ల వేసుకుని అమ్ముతోంది. కాలు మొరాయించిన రోజు ఏడుకొండలు బల్ల సర్దుతాడు. సాకులు చెప్పాల్సిన పని లేకుండా ఆమె ఇంట్లో ఉంటుంది.

ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ కేసు షీటులో ‘ఏమీ లేదు’ అన్న మాట నేను రాయలేదు, జూనియర్లను రాయనివ్వలేదు. పరీక్షలో ఏం కనబడలేదో ఒక వరుసలో, మనిషికి ఏం జరుగుతోందో దాని కింద వరుసలో రాయించాను. రోగిని చాటునుంచి చూడటం మానేశాను. చూడాల్సింది ఉంటే చెప్పి చూడవచ్చు.