ఏనుగుల వార్త రాసిన మా సారు

మా సారు పోయారని మంగళవారం పొద్దున హోసూరు నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. "కాఫీ తాగి పేపరు చేతికి తీసుకున్నారక్కా. కూర్చున్నట్టే పోయినారు" అంది. కృష్ణగిరిలో బడికి బయలుదేరుతున్నదాన్ని, సెలవు చెప్పి బస్సెక్కాను.

పిల్లల కోసం రాసిన జంతువుల కథల వల్ల ఆయన మీలో చాలామందికి తెలుసు. అంతకు ముందు ఆయన విలేకరి. కాలేజీ అయ్యాక నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. డెంకణికోట వైపు ఏనుగులు చేలల్లో పడ్డాయని నేను రాసిన మొదటి వార్తలో 'బీభత్సం' అన్న మాట కొట్టేశారు. "ఏమి తొక్కినాయో రాయమ్మా. బీభత్సమో కాదో చదివేవాళ్ళు అనుకుంటారు" అన్నారు.

జుబ్బా జేబులో ఎప్పుడూ బిస్కెట్లుండేవి. బస్టాండులో దిగగానే కుక్కలన్నీ చుట్టుముట్టేవి. "మీ చుట్టాలు వచ్చినారు సారూ" అని షేర్ ఆటోవాళ్ళు నవ్వేవారు. "వాళ్ళకి ఓటు లేదప్పా. అందుకే నేను పలకరిస్తా ఉండాను" అనేవారు.

ఆయన్ని మార్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. అడవి అంచు పల్లెలో రాగి చేనుకు పెట్టిన కరెంటు తీగ తగిలి ఒక ఏనుగు చచ్చిపోయింది. రైతును స్టేషనుకు తీసుకుపోయారు. సారు కెమెరా తీయగానే ఆ రైతు భార్య ఎదురొచ్చింది.

"మా చేను తిన్నప్పుడు యాడ పోయినారు సారూ? ఏనుగు చచ్చినాక ఫోటో తీసేదానికి వచ్చినారా?"

సారు కెమెరా సంచిలో పెట్టేశారు. ఆమె గడప ముందు నేల మీద కూర్చున్నారు. "నిజమేనమ్మా. ఇప్పుడు చెప్పు, వింటాను" అన్నారు. ఆమె సాయంత్రం దాకా చెప్పింది. ఆ ఇంటి గోడూ, తల్లి పక్కనుంచి కదలని ఏనుగు పిల్ల సంగతీ ఆయన ఒకే వార్తగా రాసి పంపారు. ఆఫీసులో ఏనుగు సంగతి ఉంచి ఇంటి సంగతి తీసేశారు.

అచ్చయిన రోజే ఆ పేపరు పట్టుకుని ఆయన మళ్ళీ పల్లెకు బయలుదేరారు. ఎందుకు సారూ అన్నాను.

"మన పేరుతో వచ్చింది కదమ్మా. తిట్లు తినేదానికీ మనమే పోవల్ల."

ఆమెకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఆయనే చదివి వినిపించారు. ఆమె తిట్టలేదు. పేపరు చేతిలోకి తీసుకుని, "ఇంట్లో మాట్లాడేది తెలుగే, బళ్ళో చెప్పేది తమిళం. మా పాపకి కూడా ఇది చదివేదానికి రాదు. మా గురించి ఏమి రాసినారో మాకెట్ల తెలిసేది సారూ?" అంది.

ఆ మాట ఆయన్ని వదల్లేదు. ఆ ఆదివారం నుంచే ఆ పల్లె బడి వరండాలో తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు ఆ రైతు విడుదలై ఇంటికి వచ్చాడు. సారు పత్రిక పని మానేశారు గానీ ఆ వరండా మానలేదు. ఆయన పుస్తకాలన్నీ ముందు ఆ పిల్లలు విన్నవే. వాళ్ళు ఆవలిస్తే ఆ పేజీ చింపేసి మళ్ళీ రాసేవారు. నేను విలేకరి పని వదిలి టీచరునైంది కూడా ఆయన వెంట అక్కడికి పోయి పోయే.

మంగళవారం మధ్యాహ్నం పాడె ఎత్తబోతుండగా ఆ రైతు భార్య వచ్చింది. ముసలిదైపోయింది. కూతురు చేయి పట్టుకుని నడిపిస్తోంది. ఆమె ఏడవలేదు. వంగి, ఆయన ముఖానికి దగ్గరగా, వినబడాలన్నట్టు గట్టిగా చెప్పింది.

"సారూ, ఈ తూరి కూడా ఏనుగులు వచ్చినాయి. వంక దాటుకోని వచ్చి కింది చేను తినేసినాయి. పైది మిగిలింది. మనుషులకేమీ కాలేదు. అవి కూడా బాగానే పోయినాయి సారూ, తల్లీ పిల్లా."

ఆమె చెప్పడం అయ్యేదాకా మోసేవాళ్ళు ఆగారు.